నడికట్టుకు వ్రేలాడిన రాయి

బంగారము కంటె రాతిని ఎక్కువగా ఎంచిన ప్రజలున్నారంటే నమ్ముతారా? చైనా దేశస్థులకు జేడ్ అనే రాయి అటువంటిది. ఖోటాన్ ప్రాంతపు నదులలో గుండ్రాళ్లుగా దొరికే తెల్లని జేడ్ శ్రేష్ఠమైనదని పేరు. దీనిని కత్తితో చెక్కలేరు. గట్టి ఇసుకను నీటితో కలిపి, ఓపికగా అరగదీయవలసినదే. సానరాయి మీద కొడవలి నూరిన వారికి ఆ శ్రమ కొంత తెలుస్తుంది.

ఈ పతకములను పూర్వము పెద్దమనుష్యులు నడికట్టుకు వ్రేలాడదీసుకొనేవారు. నిండు వలయమును "హువాన్" అంటారు. వెళ్లిన వానిని తిరిగి రమ్మనుటకు అది గుర్తు. ఒకచోట తెగిన వలయము "జుయే". అది తెగదెంపులకు గుర్తు. ఆ మాటల ధ్వనులను బట్టి వచ్చిన అర్థములివి.

క్రీ.పూ. 206లో జరిగిన ఒక విందును గూర్చి సీమా చియెన్ అనే చరిత్రకారుడు వ్రాశాడు. సేనాపతి షియాంగ్ యూ తన పోటీదారుడైన లియూ బాంగ్‌ను విందుకు రానిచ్చాడు. ముసలి మంత్రి ఫాన్ జెంగ్ తన నడుమున ఉన్న జుయేను మూడు సార్లు ఎత్తి చూపాడు. తేల్చివేయుము, చంపించుము అని దాని భావము. షియాంగ్ యూ కదలలేదు. అయితే ముందు రాత్రే అతని పినతండ్రి షియాంగ్ బో గుర్రమెక్కి శత్రువుల పాళెమునకు వెళ్లి, అక్కడున్న స్నేహితుడు జాంగ్ లియాంగ్‌ను హెచ్చరించి వచ్చాడు. ఒకప్పుడు జాంగ్ లియాంగ్ అతని ప్రాణము కాపాడినవాడు. స్నేహితుని ఋణము తీర్చుట మంచిదే, కాని సొంత అన్న కుమారుని మాటేమిటి? మేము ఎన్నిసార్లు ఆలోచించినా తేల్చలేకపోయాము. లియూ బాంగ్ తప్పించుకొని పోయాడు. జాంగ్ లియాంగ్ కానుకగా ఇచ్చిన జేడ్ గరిటెలను ఫాన్ జెంగ్ కత్తితో పగులగొట్టాడు. క్రీ.పూ. 202లో షియాంగ్ యూ ఓడి మరణించగా, లియూ బాంగ్ చక్రవర్తి అయ్యాడు.

తరువాతి కాలపు జేడ్ పనిలో మాకు నచ్చినది నవ్వుతున్న ఇద్దరు మిత్రుల బొమ్మ. ఒకని చేతిలో తామర, మరొకని చేతిలో పెట్టె. ఈ రెండింటి పేర్లూ "హె" అనే పలుకుతాయి, సామరస్యమునకు, కలయికకు ఉన్న మాటలవలెనే. వారు హాన్ షాన్, షి దే అనే బీదవారు. పెండ్లి ఇండ్లలో కూడ వారి బొమ్మ పెట్టుకొంటారు. షి దే ఒక మఠపు వంటశాలలో పనివాడట. మిగిలిన అన్నమును వెదురు గొట్టములో దాచి, కొండ మీది నుండి దిగివచ్చే హాన్ షాన్‌కు ఇచ్చేవాడని చెప్పుకొంటారు.