నగరమూ వారసత్వమూ – బొలోన్యా అనుభవం

నేను పాఠాలు చెప్పే ఊళ్లో, బజారు నడుమ, ఒక పాత పఠనాలయం ఉంది. దాన్ని కూల్చి దుకాణాల సముదాయం కట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు మా సాహితీ మిత్రులు రెండుగా చీలిపోయారు. పవిత్ర జ్ఞాపకంగా తాళం వేసి కాపాడాలని కొందరన్నారు. అభ్యుదయవాదులు శిథిలాలను పట్టుకు వేలాడటం ఏమిటని కొందరన్నారు. దాని వసారాలో కూరలమ్మే స్త్రీలను, రోజూ పేపరు చదవడానికి వచ్చే హమాలీలను ఎవరూ అడగలేదు. అడగనివాళ్లలో నేనూ ఉన్నాను. ఈ వ్యాసం ఆ పొరపాటు నుంచి పుట్టింది.

ఈ రెండు వాదాలూ మనకు కొత్త కాదు. ప్రాచీన సాహిత్యాన్ని ఏం చెయ్యాలన్న చర్చలోనూ ఇవే ఎదురయ్యాయి. సమాధానం ఆచరణలో దొరికింది. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టింది. దాన్ని అద్దాల బీరువాలో పెట్టలేదు. పాతదని పారవెయ్యనూ లేదు. కథకుడూ వంతలూ తంబురా గుమ్మెటలూ అలాగే ఉన్నాయి, వస్తువు మారింది. రూపం తనకు పరిచితం కాబట్టే ఎదుట కూర్చున్న రైతుకు కొత్త వస్తువు సూటిగా అందింది. పాత కట్టడాలకూ ఈ సూత్రం వర్తిస్తుందని నిరూపించడానికి ప్రయత్నించిన నగరం ఇటలీలోని బొలోన్యా.

బొలోన్యా ప్రాచీన విశ్వవిద్యాలయ నగరం. వీధుల వెంట ఇళ్ల ముందు సాగే కమానుల వసారాలకు అది ప్రసిద్ధి. యుద్ధానంతరం, 1945 నుంచి 1999 దాకా, అక్కడి మునిసిపాలిటీ వామపక్షాల చేతిలో ఉంది. 1960ల నాటికి ఇటలీ నగరాలన్నిటా ఒకే ప్రక్రియ సాగుతోంది. నగర కేంద్రంలో ఇళ్లు పాడుబడతాయి. కార్మికులు శివార్లకు నెట్టబడతారు. ఖాళీ అయిన చోటికి బ్యాంకులు, కార్యాలయాలు, ధనికుల నివాసాలు వస్తాయి. బయటికి కనబడే గోడలు అవే కావచ్చు. లోపలి మనుషులు మారిపోతారు. దీన్ని సంరక్షణ అనవచ్చునా? బొలోన్యా అడిగిన మౌలిక ప్రశ్న ఇదే.

1969లో ఆ నగరం తన ప్రాచీన కేంద్రానికంతటికీ ఒక ప్రణాళిక చేసుకుంది. వాస్తుశిల్పి పియెర్ లుయీజి చెర్వెల్లాతి దీనికి ముఖ్య సారథి. ఏ భవనం అందమైనదన్నది కాదు, ఏ భవనం ఏ రకానికి చెందినదన్నది అందులోని పరిశీలన. మఠాలు, ప్రభుభవనాల వంటి విశాలమైన కట్టడాలు ఒక తరగతి. చేతిపనివాళ్ల ఇరుకైన వరస ఇళ్లు మరొక తరగతి. మొదటివి బడులకు, గ్రంథాలయాలకు, వార్డు కేంద్రాలకు ఇముడుతాయి. రెండోవి సామాన్యుల నివాసాలుగానే ఉండాలి. ఏ రూపంలో ఏ వస్తువైనా ఒదగదన్న సాహిత్య సూత్రమే ఇది.

1973 నాటి పథకం ఇంకో అడుగు ముందుకు వేసింది. శివార్లలో కొత్త ఇళ్లకు ఖర్చయ్యే ప్రజాగృహ నిధులను పాత ఇళ్ల మరమ్మతుకు మళ్లించింది. ఇల్లు బాగుచేసేటంతకాలం అద్దెదారుకు ఆ పేటలోనే తాత్కాలిక నివాసం చూపించాలి, తరువాత తన ఇంటికే అతను తిరిగి రావాలి అన్నది ఉద్దేశం. 1960లలోనే ఏర్పడిన పేట కౌన్సిళ్లలో ఈ విషయాలు చర్చకు వచ్చాయి. మొదట ఇళ్లను మునిసిపాలిటీ స్వాధీనం చేసుకోవాలనుకుంది. చిన్న యజమానులు తీవ్రంగా వ్యతిరేకించారు. పాలకవర్గం వెనక్కి తగ్గి, వాళ్లతో ఒప్పందాలకు వచ్చింది: మరమ్మతుకు సహాయం ఇస్తాం, మీరు అద్దె హద్దులో ఉంచి పాతవాళ్లను ఉండనివ్వాలి. దీన్ని రాజీ అన్నవాళ్లున్నారు. నేను దీన్ని ప్రజల భాగస్వామ్యానికి గీటురాయి అంటాను. ప్రజలను పిలవడమంటే మన ప్రణాళికకు చప్పట్లు కొట్టించుకోవడం కాదు. వాళ్లు కాదన్నప్పుడు ప్రణాళికను మార్చుకోవడం.

అయితే ఈ అనుభవాన్ని ఆదర్శీకరించరాదు. పథకం అనుకున్నంత విస్తరించలేదు. ఇవాళ ఆ పాత పేటల్లో పర్యాటకుల కోసం రోజువారీ అద్దెలకు ఇళ్లు పోతున్నాయి, విద్యార్థులకు గదులు కరువవుతున్నాయి. గోడను కాపాడే చట్టం ఒక్కటే మనిషిని కాపాడదు.

అయినా ఆ ఊరి నడిబొడ్డున, పెద్ద చౌక్ పక్కన, ఒక భవనం ఉంది. 19వ శతాబ్దంలో అది స్టాక్ ఎక్స్ఛేంజి. యుద్ధం తరువాత కొంతకాలం అందులో బాస్కెట్‌బాల్ ఆడారు. 2001 నుంచి అది ప్రజా గ్రంథాలయం. దాని బయటి గోడ దగ్గర ఫాసిస్టులు ప్రతిఘటన యోధులను కాల్చి చంపారు. 1945 ఏప్రిల్ 21న నగరం విముక్తమైనప్పుడు జనం వచ్చి ఆ గోడకు పూలూ ఫొటోలూ పెట్టారు. ఈనాటికీ ఆ ముఖాలు అక్కడున్నాయి. ఆ గోడను స్మారకం చేసింది ఏ శాఖా కాదు, బిడ్డలను పోగొట్టుకున్నవాళ్లు.

మన దగ్గర ప్రజలు నోరెత్తలేదని కాదు. హైదరాబాదులోని ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చి శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. పౌరులు వేసిన వ్యాజ్యాల ఫలితమది. కాని కోర్టు 'కూల్చవద్దు' అనగలదు. అక్కడ ఏం ఉండాలో తేల్చవలసింది జనం. అందుకు వేదిక ఏది? 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ 3 లక్షలు, అంతకు మించిన జనాభా గల మునిసిపాలిటీల్లో వార్డు కమిటీలు ఉండాలంది. వాటికి ప్రాణం పోయడమూ, చిన్న పట్టణాల్లో అటువంటి సభలను అడిగి సాధించడమూ మన పనే.

ఈసారి మా పఠనాలయం గురించి సమావేశం జరిగితే దాన్ని వసారాలోనే పెడదామని మిత్రులతో అన్నాను. కూరల బుట్టలు పక్కకు జరపనక్కరలేదు. వాటి మధ్యనే కూర్చుందాం. ముందు వాళ్లు మాట్లాడతారు, మనం రాసుకుందాం.