ఒక్క షేరు ఇరవై షేర్లయితే: పాత ధరల్ని చదివే పద్ధతి

మందుల ముడిసరుకు తయారుచేసే దివీస్ ల్యాబొరేటరీస్ 2003లో తొలిసారి జనానికి షేర్లు అమ్మింది. అప్పుడు ఒక్కో షేరు ధర 140 రూపాయలు. కంపెనీ హైదరాబాద్‌ది, దాని ఫ్యాక్టరీల్లో ఒకటి జనగామ వాళ్లకు పెద్ద దూరం కాని చౌటుప్పల్ దగ్గర ఉంది. 2025 మొదట్లో ఆ కంపెనీ షేరు సుమారు 6,000 రూపాయలు పలికింది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెడితే ధర 43 రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది. కానీ 2003లో కొని కదపకుండా ఉంచుకున్నవాళ్ల సొమ్ము పెరిగింది 850 రెట్లకు పైనే. ఈ తేడా ఎక్కడిదో తెలిస్తే పాత ధరల జాబితాను చదవడం సగం వచ్చినట్టే.

2007లో కంపెనీ తన షేరును ముక్కలు చేసింది. 10 రూపాయల ముఖ విలువ ఉన్న ఒక్కో షేరు, 2 రూపాయల ముఖ విలువతో ఐదు షేర్లయింది. 2009లో ప్రతి షేరుకూ ఇంకో షేరు బోనస్‌గా ఇచ్చింది. 2015లో మళ్లీ అంతే ఇచ్చింది. అంటే 2003 నాటి ఒక్క షేరు మొదట ఐదు, తర్వాత పది, ఆ తర్వాత ఇరవై షేర్లయింది. కాబట్టి ఇవాళ్టి ఒక్క షేరుతో పోల్చాల్సింది 140 రూపాయల్ని కాదు, దాన్ని ఇరవైతో భాగిస్తే వచ్చే 7 రూపాయల్ని. చక్రవడ్డీ లెక్క వేసి చూడండి. 140 నుంచి 6,000 అనుకుంటే 22 ఏళ్లలో ఏడాదికి 19 శాతం లోపు పెరుగుదల. 7 నుంచి 6,000 అయితే 36 శాతం.

ఇదే పొరపాటు తిరగేసి కూడా జరుగుతుంది. 2024 అక్టోబరు 28న డాక్టర్ రెడ్డీస్ షేరు ఒకటి ఐదైంది. అంతకుముందు ఆరున్నర వేల రూపాయల ప్రాంతంలో ఉన్న ధర ఆ రోజు పదమూడు వందల చుట్టూ కనిపించింది. సంగతి తెలియనివాళ్లకు కంపెనీ ఒక్క రాత్రిలో కూలిపోయినట్టే అనిపిస్తుంది. నిజానికి ఎవరికీ నష్టం రాలేదు, పది షేర్లున్నవాళ్ల ఖాతాలో అవి యాభై షేర్లయ్యాయి.

అందుకే పాత ధర రెండు రకాలుగా దొరుకుతుంది. ఆ రోజు మార్కెట్లో నిజంగా పలికిన ధర ఒకటి. తర్వాత వచ్చిన బోనస్‌లనూ ముక్కలనూ లెక్కలోకి తీసుకుని సరిచేసిన ధర ఇంకొకటి. ఏ రోజుకారోజు స్టాక్ ఎక్స్ఛేంజ్ విడుదల చేసే జాబితాలో ఉండేది మొదటిది. ఫోన్‌లోని యాప్‌లలో గీతగా కనిపించేది చాలావరకు రెండోది. ఒకే తేదీకి రెండు చోట్ల రెండు ధరలు కనిపిస్తే కంగారు పడొద్దు. రెండూ సరైనవే. మీ ముందున్నది ఏ రకమో ముందు తేల్చుకోవాలి.

డివిడెండ్ కలపని లెక్క సగం లెక్కే

భూపాలపల్లి అంటే బొగ్గు. అక్కడి గనులు నడిపే సింగరేణి 1920లో కంపెనీగా నమోదైంది. ఇప్పుడు అందులో 51 శాతం వాటా తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. దాని షేర్లు మార్కెట్లో అమ్మకానికి లేవు కాబట్టి రోజువారీ ధర అనేదే ఉండదు. బొగ్గు కంపెనీ షేరు కథ తెలుసుకోవాలంటే కోల్ ఇండియాను చూడాలి.

2010లో కేంద్ర ప్రభుత్వం కోల్ ఇండియా షేరును ఒక్కోటి 245 రూపాయలకు అమ్మింది. నవంబరు 4న మార్కెట్లో అడుగుపెట్టిన రోజే ధర 340 దాటి ముగిసింది. పదేళ్లు గడిచాయి. 2020 అక్టోబరు నెలాఖరుకు అదే షేరు 115 రూపాయల చుట్టూ ఉంది. గీత మాత్రమే చూస్తే సగానికి పైగా సొమ్ము పోయింది. కానీ ఆ పదేళ్లూ కంపెనీ తన లాభంలో వాటాగా డివిడెండ్లు ఇస్తూనే ఉంది. ఒక్క 2013-14 ఏడాదికే షేరుకు 29 రూపాయలిచ్చింది. పదేళ్లవీ కలిపితే 160 రూపాయలకు పైనే. ఇప్పుడు లెక్క వేద్దాం: పెట్టింది 245, మిగిలిన ధర 115, చేతికొచ్చింది 160. మొత్తం 275. అంటే అసలు పోలేదు. అలాగని లాభమని సంబరపడేంతా లేదు. అదే సొమ్ము బ్యాంకు పొదుపు ఖాతాలో ఊరికే ఉన్నా అంతకంటే ఎక్కువే వచ్చేది. గీత చూపిన ఘోర నష్టమూ నిజం కాదు, డివిడెండ్లు చూపి చెప్పే గొప్పలూ నిజం కావు.

ఇదే షేరు 2024లో 500 రూపాయలు దాటింది. 2010 నుంచి 2020 వరకు గీసిన గీత ఒక కథ చెబుతుంది, 2020 నుంచి 2024 వరకు గీసినది దానికి పూర్తిగా విరుద్ధమైన కథ చెబుతుంది. మొదలుపెట్టే తేదీని ఎంచుకున్నవాళ్ల చేతిలోనే జవాబు ఉంటుంది. కాబట్టి ఎవరైనా గీత చూపి మాట్లాడితే, ఆ తేదీ నుంచే ఎందుకు మొదలుపెట్టారో అడగాలి.

ధర పక్కనున్న గళ్లు

రోజువారీ జాబితాలో ప్రారంభ ధర, గరిష్ఠం, కనిష్ఠం, ముగింపు ధర వరుసగా ఉంటాయి. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ముగింపు ధరంటే ఆఖరి లావాదేవీ ధర కాదు. 2025 నాటి పద్ధతిలో, చివరి అరగంటలో జరిగిన లావాదేవీలన్నిటి సగటు అది, ఎక్కువ షేర్లు చేతులు మారిన ధరకు ఎక్కువ బరువిచ్చి కట్టింది. చివరి నిమిషంలో ఒకరిద్దరు ధరను ఎగదోయకుండా ఇది కొంత అడ్డం.

ఆ పక్కనే ఎన్ని షేర్లు చేతులు మారాయో ఉంటుంది. మహబూబాబాద్ రైతు మిర్చి బస్తాలు వేసుకుని వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోతే ధర ఒక్కటే అడగడు, ఎన్ని బస్తాలు దిగాయో కూడా అడుగుతాడు. నాలుగు బస్తాలకు పలికిన రికార్డు ధర తన బస్తాలన్నిటికీ రాదని అతనికి తెలుసు. షేరుకూ అంతే. రోజుకు కొన్ని వందల షేర్లే అమ్ముడయ్యే చిన్న కంపెనీలో కనిపించే ధర కాగితం మీది ధరే. మీరు అమ్మబోయేసరికి కొనేవాళ్లు ఉండకపోవచ్చు.

సత్యం నేర్పిన పాఠం

2009 జనవరి 6న హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ షేరు 179 రూపాయల దగ్గర ముగిసింది. మర్నాడు ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. కంపెనీ దగ్గర నగదు, బ్యాంకు నిల్వల కింద చూపిన 5,361 కోట్ల రూపాయల్లో 5,040 కోట్లు లేనేలేవని అందులో ఉంది. ఆ సాయంత్రానికి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ధర 40 రూపాయల లోపుకు వచ్చేసింది. ఒక్క రోజులో దాదాపు 78 శాతం పోయింది. అక్కడి నుంచి మళ్లీ 179కి చేరాలంటే 78 శాతం పెరిగితే చాలదు, ధర నాలుగున్నర రెట్లు కావాలి. పడడానికీ లేవడానికీ లెక్క ఒకటి కాదు.

అంతకు మూడు వారాల ముందు, రాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను సత్యం కొనే ప్రతిపాదన వచ్చిన మర్నాడే షేరు 30 శాతం పడింది. అంతకుముందు ఏళ్ల తరబడి ధరల్లో మాత్రం మోసం ఆనవాలు కనిపించలేదు. ధరలో ఉండేది జనానికి తెలిసిందే. దాచిపెట్టింది ఏ గీతలోనూ కనిపించదు.

ఇంత పెద్ద పతనం వందేళ్లకోసారి జరిగే వింత అనుకోకూడదు. గణితవేత్త బెన్వా మాండెల్‌బ్రాట్ అమెరికా పత్తి ధరల పాత జాబితాలు తీసుకుని 1963లో ఒక పరిశోధన ప్రకటించాడు. అప్పటిదాకా శాస్త్రవేత్తలు, మనుషుల ఎత్తుల్లాగే ధరల మార్పులూ సగటు చుట్టూ గుమిగూడతాయని, విపరీతాలు బహు అరుదని అనుకునేవారు. పత్తి ధరలు ఆ మాట వినలేదు. పెద్ద పెద్ద ఎగుడుదిగుళ్లు ఆ లెక్క ప్రకారం రావలసినదానికంటే చాలా తరచుగా వచ్చాయి. షేర్ల ధరల్లోనూ అదే తేలింది. పత్తి పండించే జనగామ రైతుకు ఇది అనుభవంలో తెలిసినదే. పదేళ్ల జాబితాలో లేని పతనం పదకొండో ఏట రావచ్చు.

ఇంకో సంగతి. సత్యం 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. 17 సత్యం షేర్లున్నవాళ్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు. ఇవాళ మార్కెట్లో ఉన్న కంపెనీల జాబితా తీసుకుని వెనక్కి చూస్తే అందులో సత్యం పేరే ఉండదు. మునిగినవి, మూతపడినవి, మార్కెట్ నుంచి తప్పుకున్నవి కూడా ఉండవు. మిగిలి గెలిచినవాటి పాత ధరలే చూస్తే మార్కెట్ అసలుకంటే ఎంతో సులభంగా కనిపిస్తుంది. దివీస్ లెక్క చూసి ఉత్సాహపడే ముందు ఈ మాట గుర్తుంచుకోవాలి. 2003లో అది గెలుస్తుందని ఎవరి నుదుటా రాసి లేదు.

మరి పాత ధరలు దేనికి పనికొస్తాయి?

మొదటిది, పన్ను లెక్కకు. 2018 జనవరి 31న గానీ అంతకుముందు గానీ కొన్న షేర్లను ఇప్పుడు అమ్మితే, ఆ రోజు మార్కెట్లో పలికిన గరిష్ఠ ధరను, అమ్మిన ధరను మించకుండా, కొన్న ధరగా చూపే వీలుంది. 100 రూపాయలకు కొన్న షేరు ఆ రోజు 400 పలికి, మీరు 900కు అమ్మితే లాభం 800 కాదు, 500. షేరు తర్వాత ముక్కలైతే ఆ 400నూ అంతే భాగించాలి. ఆ తేదీ తర్వాత వచ్చిన బోనస్ షేర్ల కొన్న ధర మాత్రం సున్నా. తండ్రి పెట్టెలో పాత షేరు పత్రాలు దొరికిన కుటుంబాలకు ఈ ఒక్క తేదీ ధర వేల రూపాయలు మిగల్చగలదు.

రెండోది, మన గుండె ధైర్యం కొలుచుకోవడానికి. ఒక షేరు గరిష్ఠం నుంచి ఎంత లోతుకు పడింది, మళ్లీ లేవడానికి ఎన్నేళ్లు పట్టింది అన్నవి జాబితాలో కచ్చితంగా దొరుకుతాయి. సగానికి పడి ఆరేళ్లు అక్కడే ఉంటే ఆగగలమా? పిల్ల పెళ్లికో చదువుకో దాచిన సొమ్మైతే ఆగలేం.

మూడోది, పోలికకు. అదే కాలంలో మార్కెట్ మొత్తం ఎంత పెరిగిందో చూడాలి. మార్కెట్‌ను కొలిచే సూచీ మామూలు అంకెలో డివిడెండ్లు కలవవు, అవి కలిపిన సూచీని ఎక్స్ఛేంజ్ విడిగా ప్రకటిస్తుంది. షేరుకు డివిడెండ్ కలిపితే సూచీకీ కలిపినదే తీసుకోవాలి.

పాత ధరలు పనికిరానిది ఒక్కదానికే, రేపటి ధర చెప్పడానికి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో, ధర ఎటు పోతుందో పందెం కట్టే ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన చిల్లర మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్క తేల్చింది. వాళ్ల ముందూ పాత ధరల గీతలున్నాయి.

గనిలో ముప్పై ఏళ్లు చెమటోడ్చి రిటైరైనవాళ్ల గ్రాట్యుటీ మీదా, పత్తి అమ్మిన సొమ్ము మీదా ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల కన్ను పడుతోంది. పైకి ఎగబాకే గీత ఒకటి పంపి, డబ్బు పెట్టమంటారు. అప్పుడు ఒక కాగితం తీసుకుని నాలుగు లెక్కలు రాయండి. అప్పటి ఒక్క షేరు ఇప్పుడు ఎన్ని షేర్లు? మధ్యలో డివిడెండ్ ఎంత వచ్చింది? రోజూ ఎన్ని షేర్లు చేతులు మారుతున్నాయి? అన్నిటికంటే లోతైన పతనం ఎంత? పదో తరగతి లెక్కలు వచ్చిన పిల్లలు కూడా వీటిని చేయగలరు, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ఈ నాలుగింటికీ జవాబు చెప్పలేనివాళ్ల మాట మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి.