కత్తి కథ కాదు.. కొలువు కథ!

మ్యూనిక్‌లో ఆదివారం వచ్చిందంటే షాపులకు తాళాలే. చలికాలమైతే సాయంత్రం నాలుగున్నరకే చీకటి. రూంలో ఎంతసేపని ఫోన్ చూస్తాం? ఆమధ్య మా రూంలో ఉండే తమ్ముడు అడిగాడు.. ''అన్నా, షోగన్ సీరియల్ చూసినప్పటి నుంచి సమురాయ్ నవల చదవాలనుంది. ఏది మొదలుపెట్టమంటావ్?'' అని. 2024లో వచ్చి 18 ఎమ్మీ అవార్డులు కొట్టిన సీరియల్ అది.

నేను డిప్లొమా చేసి సైట్ సూపర్‌వైజర్‌గా వచ్చినవాణ్ణి. సాహిత్యం పాఠాలు చెప్పేంత లేదు. కానీ రెండు చలికాలాలు ఈ పుస్తకాలతోనే గడిపాను కాబట్టి తెలిసింది చెబుతాను.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. దగ్గరుండి సేవ చేయడం అనే అర్థమున్న పాత జపాన్ మాట నుంచి 'సమురాయ్' వచ్చింది. మన తెలుగులో చెప్పాలంటే కొలువు చేసేవాడు. ప్రభువు లేని సమురాయ్‌ని 'రోనిన్' అంటారు. ఉద్యోగం పోయి, వీసా గడువు దగ్గరపడ్డవాడికి ఆ అవస్థ వేరే చెప్పక్కర్లేదు! అందుకే అట్ట మీద కత్తి బొమ్మ చూసి పుస్తకం తీసుకోవద్దు. లోపల ఎవరి కొలువు గురించి రాశారో చూసుకోండి.

లావు పుస్తకాలు

జేమ్స్ క్లావెల్ 'షోగన్' 1975లో వచ్చింది. 1600లో జపాన్ చేరిన విలియం ఆడమ్స్ అనే ఇంగ్లిష్ నావికుడి జీవితమే దీనికి ఆధారం. వెయ్యి పేజీలు దాటినా పరుగెత్తిస్తుంది. భాష రాని దేశంలో దిగినవాడు ఒక్కో మాటా కూడబలుక్కోవడం చదువుతుంటే మన జర్మన్ క్లాసులు గుర్తొస్తాయి. కాకపోతే ఇది బయటివాడి చూపు.

జపాన్‌వాళ్ల చూపు కావాలంటే యోషికావా ఎయిజీ 'ముసాషి' ఉంది. 1935 నుంచి 1939 వరకు అసాహి పత్రికలో సీరియల్‌గా వచ్చింది. మన వీక్లీ సీరియళ్లకు అలవాటు పడ్డవాళ్లకు బాగా పడుతుంది. ఆయనదే 'తైకో' అయితే సైట్ మీద పనిచేసేవాళ్లు తప్పక చదవాలి. రైతు కొడుకుగా పుట్టి దేశాన్నే ఏలిన హిదెయోషి కథ. కూలిన కోటగోడ పని రోజుల తరబడి సాగకపోతే, మూడు రోజుల్లో పూర్తిచేస్తానని ముందుకొస్తాడు. మేస్త్రీలను తిట్టి కాదు, మనసు గెలిచి పని చేయించుకుంటాడు. ఈ కిటుకు నాక్కూడా పనికొచ్చింది.

మన ఊళ్లో ఉన్న రచయిత

మోరి ఓగాయ్ అనే జపాన్ సైనిక డాక్టరు 1886 నుంచి 1887 వరకు మ్యూనిక్‌లోనే ఉన్నాడు. ఆరోగ్యశాస్త్రం నేర్చుకురమ్మని సైన్యం పంపితే పెట్టెన్‌కోఫర్ అనే ప్రొఫెసర్ దగ్గర చదివాడు. సెండ్లింగర్ టోర్ దగ్గరి పెట్టెన్‌కోఫర్ వీధి ఆ ప్రొఫెసర్ పేరు మీదే. ఓగాయ్ తర్వాత రాసిన 'అబే కుటుంబం' 1913 నాటిది, చిన్న పుస్తకం. ప్రభువు పోతే వెంట చావడానికి కూడా ముందే అనుమతి కావాలి. అబేకు ఆ అనుమతి దొరకలేదు. బతికితే పిరికివాడంటారు, చస్తే ఆజ్ఞ మీరినట్టు. కొలువు మర్యాద ఒక ఇంటిని ఎలా ముంచిందో చెబుతుంది.

వలస వచ్చినవాడి నవల

నన్నడిగితే మన లాంటివాళ్లు మొదట చదవాల్సింది మాత్రం ఎందో షుసాకు 1980లో రాసిన 'ది సమురాయ్'. ఇందులో కత్తియుద్ధాలు దాదాపు లేవు. చిత్తడి నేలల పల్లెలో ఉండే చిన్నస్థాయి సమురాయ్‌ని దూతగా పంపుతారు. పని సాధిస్తే తాతల నాటి భూమి తిరిగి రావచ్చని ఆశపెడతారు. మెక్సికో, స్పెయిన్, రోమ్.. ఎక్కడా పని కాదు. మనసులో నమ్మకం లేకపోయినా పని కోసమే బాప్టిజం తీసుకుంటాడు. తిరిగొచ్చేసరికి దేశంలో క్రైస్తవాన్ని నిషేధించి ఉంటారు. పంపినవాళ్లే అతన్ని అనుమానంగా చూస్తారు. హసెకురా త్సునెనాగా అనే సమురాయ్ నిజంగానే 1613లో బయల్దేరి 1620లో తిరిగొచ్చాడు.

మనకూ బయల్దేరేటప్పుడు ఎవరో ఒకరు మాటిస్తారు. ''రెండేళ్లు ఓపిక పట్టు, పొలం విడిపించుకుందాం'' అంటారు. ఏడేళ్లకు వెళ్లి చూస్తే మాటిచ్చినవాళ్లూ మారతారు, ఊరూ మారుతుంది. ఆ పేజీల దగ్గర నేను పుస్తకం మూసి ఇంటికి ఫోన్ చేశాను.

ఇవన్నీ ఇంగ్లిష్‌లో దొరుకుతాయి. 'ముసాషి', 'ది సమురాయ్' జర్మన్‌లోనూ ఉన్నాయి. కొనక్కర్లేదు, ముందు సిటీ లైబ్రరీలో అడగండి. తమ్ముడికి ఎందో నవలే ఇచ్చాను. సగం చదివి అడిగాడు.. ''అన్నా, ఇంతకీ అతనికి భూమి వస్తుందా?'' అని.

చదువు, నీకే తెలుస్తుందన్నాను.