గాలి ఎక్కితేనే కదిలే మేడ

నాటకంలో పెళ్లిమండపం క్షణాల్లో జైలుగది అయిపోవాలి. తెరలు మార్చి ఆ పని కానిచ్చే విద్య మనకు పాతదే. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సమాజం దాంతోనే పేరు తెచ్చుకుంది. తెరకు బదులు మెట్లూ గోడలూ ఉన్న మేడే దొర్లుకు రావాలంటే మాత్రం కింద చక్రాలుండాలి. అసలు తంటా అది వచ్చి ఆగాక మొదలవుతుంది. కథానాయకుడు కోపంగా తలుపు వేయగానే మేడ బెత్తెడు పక్కకు జరిగిందంటే, ఎంత విషాద ఘట్టమైనా జనం నవ్వేస్తారు.

చీకట్లో పాకుతూ చక్రాల కింద చెక్కముక్కలు దోపడం పాత పద్ధతి. ఆ పని ఎయిర్ సిలిండరుకూ అప్పగించవచ్చు. ట్రాలీ చట్రానికి దాన్ని నిలువుగా బిగిస్తారు. గాలి పంపగానే కడ్డీ దిగి, చివరనున్న రబ్బరు పాదం నేలను తొక్కిపడుతుంది. లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు, పీడనం 6 బార్ అయితే తోపు దాదాపు 120 కిలోలు. 400 కిలోల సెట్టు కింద అలాంటివి రెండుంటే బ్రేకు. నాలుగుంటే 480 కిలోలు, సెట్టే చక్రాల మీంచి లేస్తుంది. కానీ గాలి నొక్కితే నొక్కుకుపోయేది కదా! దాని మీదికి నలుగురు నటులెక్కారా, లేచిన మేడ మళ్లీ కుంగుతుంది. పైపు ఊడితే బ్రేకే ఉండదు.

అందుకే నా ఓటు తిరగేసిన పద్ధతికి. సెట్టు మామూలుగా తన కాళ్ల మీదే నేలకు ఆని కూర్చుంటుంది. జరపాల్సినప్పుడు సిలిండర్లు చక్రాలను కిందికి తోసి దాన్ని లేపుతాయి. గాలి పోయిందంటే కూలబడుతుందే తప్ప దొర్లిపోదు. బస్సుల ఎయిర్ బ్రేకుల్లోనూ ఇదే సూత్రం: హ్యాండ్‌బ్రేకును పట్టి ఉంచేది స్ప్రింగు, విడిపించేది గాలి.

కంప్రెసర్ రొద స్టేజీ దాకా రాకూడదు కాబట్టి, ట్రాలీలోనే చిన్న ట్యాంకు పెట్టి ఆట మొదలవకముందే నింపుకుంటారు. 10 లీటర్ల ట్యాంకులో పీడనం 8 బార్ నుంచి 6కు దిగేలోపు, 25 మిల్లీమీటర్లు కదిలే నాలుగు సిలిండర్లను డజను సార్లు లేపవచ్చు. దించేటప్పుడు వచ్చే ‘తుస్సు’మనే చప్పుడుకు సైలెన్సర్ ఉంది. అయినా దర్శకుడు ఆ క్షణాన ఒక మద్దెల దెబ్బ వేయించుకోవడం మేలు.

బరువు అన్ని మూలలా సమంగా ఉండదు. తేలిక వైపు ముందు లేస్తుంది, మెట్ల వైపు వెనకబడుతుంది, సెట్టు ఒరుగుతుంది. ఒక్కో సిలిండరుకు గాలి వేగాన్ని విడిగా సర్దే వాల్వు పెట్టాలి, మెట్ల కింద 63 మిల్లీమీటర్లవి వేయాలి. అవి ఒక్కొక్కటీ 190 కిలోలు మోస్తాయి. ఆఖరి వారంలో డిజైనరు బాల్కనీకి ఇనుప రెయిలింగు కావాలని ముచ్చటపడ్డాడా, ఈ లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది.