రైలు నొక్కిన బిళ్లా... టంకశాల తప్పిన బిళ్లా?

శ్రీకాకుళం వెళ్లాల్సినవాళ్లు రైలు దిగేది ఆమదాలవలసలో. స్టేషను పేరేమో ‘శ్రీకాకుళం రోడ్డు’! హౌరా-చెన్నై మార్గంలోని ఇలాంటి ఊళ్లలో పెరిగిన పెద్దవాళ్లకు ఓ ఆట గుర్తుండే ఉంటుంది. పట్టా మీద పది పైసల బిళ్ల పెట్టడం, రైలు వెళ్లాక పరుగెత్తి, రేకులా సాగిన దాన్ని వెతుక్కోవడం. ప్రమాదకరమైన ఆట అది, ఇప్పటి పిల్లలు చేయకూడనిది. అలా సాగిన బిళ్ల ఏ పాత డబ్బాలోనో ఏళ్ల తరబడి పడుంటుంది. ఓ రోజు సెల్‌ఫోనులో ‘తప్పుగా ముద్రించిన నాణేనికి లక్షలు’ అంటూ వీడియో కనిపిస్తుంది. ఇంకేం... డబ్బా అటక దిగుతుంది, ఆశ అటకెక్కుతుంది!

ముద్రలో తప్పు జరిగిన నాణేలను సేకర్తలు ఎక్కువ ధరకు కొంటారన్న మాట నిజమే. కానీ టంకశాలలో జరిగిన పొరపాటు వేరు, బయటికొచ్చాక తగిలిన దెబ్బ వేరు. మొదటిది ‘ఎర్రర్ కాయిన్’. రెండోది ఉత్త దెబ్బతిన్న బిళ్ల. చూడ్డానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. చిక్కంతా అక్కడే.

తప్పు ఎక్కడ పుడుతుంది?

మన దేశంలో ముంబయి, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడాల్లో టంకశాలలున్నాయి. హైదరాబాద్‌ది 1903లో సైఫాబాద్‌లో మొదలై 1997లో చర్లపల్లికి మారింది. మన నాణెం మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం కనిపిస్తే అది అక్కడ పుట్టినట్టే.

ఎక్కడైనా తయారీ ఒకటే తీరు. లోహపు రేకు నుంచి గుండ్రటి బిళ్లలు కత్తిరిస్తారు. కాల్చి మెత్తబరుస్తారు. అంచు కాస్త లేపుతారు. తర్వాత రెండు అచ్చుల మధ్య పెట్టి బలంగా నొక్కుతారు. బిళ్ల పక్కలకు సాగిపోకుండా చుట్టూ ‘కాలర్’ అనే ఉక్కు ఉంగరం పట్టి ఉంచుతుంది. ఈ దారిలో తేడా వస్తే ఎర్రర్. దారి దాటాక ఏం జరిగినా దెబ్బే!

లోహమే సాక్షి

కాలర్ సరిగా పట్టకపోతే నాణెం మామూలుకన్నా వెడల్పవుతుంది. రైలు కింద పడ్డదీ వెడల్పే. మరి తేడా? మొదటిదాంట్లో బొమ్మ, అక్షరాలు స్పష్టంగా ఉంటాయి. రెండోదాంట్లో బొమ్మ కూడా లోహంతోపాటు సాగి, అలుక్కుపోతుంది. ఇక్కడ తూకం పనికిరాదు. రెండూ పూర్తి బరువే తూగుతాయి.

అంచు కొరికినట్టున్న నాణెం సంగతి ఇంకా ఆసక్తికరం. రేకు కత్తిరించేటప్పుడు మర పక్క రంధ్రం మీదికి జరిగితే బిళ్లకు చంద్రవంక లాంటి లోటు వస్తుంది. అంచు లేపేటప్పుడు ఆ లోటు దగ్గర ఒత్తిడి తగ్గి, దానికి సరిగ్గా ఎదుటివైపు అంచు కూడా బలహీనంగా తేలుతుంది. ఆకురాయితో అరగదీసిన బిళ్లకు ఎదుటి అంచు నిక్షేపంగా ఉంటుంది. మోసం అక్కడే దొరికిపోతుంది!

ఒక్కోసారి ముద్రపడిన నాణెం అచ్చుకు అంటుకుపోతుంది. తర్వాతి బిళ్ల మీద దాని బొమ్మ గుంటలా, అద్దంలో చూసినట్టు తిరగబడి పడుతుంది. దీన్ని ‘బ్రోకేజ్’ అంటారు. రెండు నాణేలను బిగించి సుత్తితో కొట్టినా గుంట బొమ్మ వస్తుంది. కాకపోతే, అడుగున అసలు బొమ్మ నలిగిన ఆనవాళ్లు మిగిలిపోతాయి.

పది రూపాయల నాణెంలో మధ్య బిళ్ల ఊడిపోయిందా? సంబరపడకండి. ముద్ర పడేటప్పుడే అది లేకపోతే ఆ ఒత్తిడికి పసుపు వలయం లోపలి అంచు ముందుకు ఒత్తుకొస్తుంది. పనిముట్టుతో పొడిచి తీస్తే గీతలు పడతాయి.

ఇంట్లోనే చూసుకోండి

• గీత మీద గోరు ఆనించండి. పైకి ఉబ్బి ఉంటే అచ్చు పగులు కావచ్చు. లోపలికి దిగితే గీరుకుపోయినదే.

• కంసాలి తూకంలో వేయండి. 2011లో వచ్చిన రూపాయి నమూనా 3.79 గ్రాములు, రెండు రూపాయలు 4.85, అయిదు రూపాయలు 6 గ్రాములు. రెండు రూపాయల బొమ్మ ఉండి 3.79 గ్రాములే తూగితే, వేరే బిళ్ల మీద ముద్ర పడిందేమో చూడాలి.

• రెండువైపులా ఒకే బొమ్మ ఉంటే అంచు లోపల భూతద్దంతో వెతకండి. సన్నని అతుకు కనిపిస్తే రెండు నాణేలు కోసి కలిపినట్టే.

• నాణేన్ని కడగొద్దు, తోమొద్దు. నిజంగా విలువ ఉంటే మెరుపుతోపాటే పోతుంది.

ఆశకు బేరం

వైష్ణోదేవి బొమ్మతో 2012లో వచ్చిన అయిదు, పది రూపాయల నాణేలకు లక్షలు వస్తాయన్న ప్రచారం చాలామంది వినే ఉంటారు. అవి ఆ ఆలయ బోర్డుకు పాతికేళ్లయిన సందర్భంగా విడుదల చేసినవి. అందులో పొరపాటేమీ లేదు.

అసలు ప్రమాదం ‘మీ నాణెం కొంటాం, ముందు రుసుము కట్టండి’ అనే ఫోన్లతోనే. పాత నాణేలు, నోట్ల బేరాల్లో తన పేరు, గుర్తు వాడుకుని రుసుములు, కమీషన్లు, పన్నులు అడుగుతున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. అలాంటి వ్యవహారాలతో తనకు సంబంధం లేదనీ, ఎవరి దగ్గరా ఏ రుసుమూ అడగదనీ స్పష్టం చేసింది. కొనేవాడు డబ్బు ఇవ్వాలిగానీ, అమ్మేవాణ్ని అడగడమేమిటి? ఈ చిన్న ప్రశ్న వేసుకుంటే చాలు, సగం మోసాలు ఆగిపోతాయి.

ఇక లోపాన్ని చేత్తో సృష్టిద్దామనుకుంటే, నాణేలు కరిగించినా, ధ్వంసం చేసినా 2011 నాటి నాణేల చట్టం కింద జైలు శిక్ష పడొచ్చు.

డబ్బాలో సాగిపోయిన ఆ పది పైసల బిళ్ల మాత్రం అలాగే ఉండనివ్వండి. దాన్ని లక్షలకు ఎవరూ కొనరు. కానీ దాన్ని చూసినప్పుడల్లా వినిపించే రైలు కూత ఖరీదు... మీకే తెలుసు!