శత్రువు కంటపడని కోట గీసిన కుర్రాడు: గాస్పార్ మోంజ్

బీటెక్ ఫస్ట్ ఇయర్ చదివినవాళ్లకి ఇంజనీరింగ్ డ్రాయింగ్ క్లాసు గుర్తుండే ఉంటుంది. చేతిలో డ్రాఫ్టర్, షీటు మధ్యలో ఎక్స్-వై లైను, దాని పైన ఫ్రంట్ వ్యూ, కింద టాప్ వ్యూ. "ఎవడు కనిపెట్టాడ్రా బాబూ దీన్ని" అని తిట్టుకోనివాళ్లు తక్కువ. ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పబోయేది ఆ 'ఎవడి' గురించే. ఎందుకంటే, ఆ రెండు బొమ్మల పద్ధతి ఒకప్పుడు ఫ్రాన్స్ సైన్యం దాచుకున్న రహస్యం.

అతని పేరు గాస్పార్ మోంజ్. 1746లో ఫ్రాన్స్‌లోని బోన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి చిన్న వ్యాపారి. 18 ఏళ్ల వయసులో, తనే చేసుకున్న పరికరాలతో కొలిచి ఊరి మొత్తానికీ ప్లాన్ గీశాడు. అది ఒక సైనికాధికారి కంటపడింది. ఆయన సిఫారసుతో మెజియేర్‌లోని మిలటరీ ఇంజనీరింగ్ స్కూల్లో చోటు దొరికింది. కోటలు కట్టే ఆఫీసర్లు తయారయ్యేది అక్కడే.

కానీ అసలు మెలిక ఇక్కడుంది. ఆఫీసరు కోర్సులో చేరాలంటే పెద్ద కుటుంబంలో పుట్టాలి. వ్యాపారి కొడుక్కి ఆ తలుపు మూసే ఉంది. అందుకని మోంజ్‌ని డ్రాయింగ్ వర్క్‌షాపులో పెట్టారు. అక్కడ పని ప్లాన్లకి కాపీలు గీయడం, కోటల నమూనాలు చేయడం. తెలివి ఉంది, హోదా లేదు.

కొంతకాలానికి ఒక లెక్క అతని చేతికొచ్చింది. కోట ఎదురుగా ఒక గుట్ట ఉందనుకోండి. శత్రువు గుట్టెక్కి ఫిరంగి పెడితే, గోడ మీదుగా లోపలి సిపాయిలు కనపడతారు. మరి గోడ ఎంత ఎత్తు లేపాలి? తక్కువైతే ప్రాణాలు పోతాయి. ఎక్కువైతే రాయి, కూలి, డబ్బు దండగ. పైగా గుట్ట ఒక్కటే ఉండదు కదా! అప్పటి పద్ధతిలో చోటుచోటుకీ విడివిడిగా బారెడు లెక్కలు వేయాలి.

మోంజ్ ఇంకోలా ఆలోచించాడు. గుట్టల తలల్ని తాకుతూ కోట మీదుగా వాలుగా పరిచిన ఒక పెద్ద అట్టని ఊహించుకోండి. అది లోపలి సిపాయి తలకన్నా పైనుంచి పోవాలి. గోడ అంచు ఆ అట్ట దాకా లేస్తే చాలు, లోపలివాళ్లు మరుగున పడతారు. ఆ ఎత్తుల్ని అతను కాగితం మీద గీసి, కొలిచి చెప్పేశాడు. ఇంత తొందరగా ఎలా అవుతుందని అధికారి మొదట చూడ్డానికే ఒప్పుకోలేదట. తర్వాత చూస్తే అంతా సరిగ్గానే ఉంది.

గీస్తే ఎత్తులెలా తెలుస్తాయి అంటారా? ఇంట్లో గోడకి ఆనించిన నిచ్చెన చూడండి. ఎదురుగా నిలబడి చూస్తే అది 4 మీటర్లు, పైనుంచి చూస్తే 3 మీటర్లు. రెండూ దాని అసలు పొడవు కాదు. 3 అడ్డంగా, 4 నిటారుగా గీసి చివర్లు కలపండి, 5 వస్తుంది. అదీ అసలు పొడవు. ఒక్క బొమ్మలో లోతు పోతుంది, మన ఫోన్ ఫొటోలో పోయినట్టే. రెండు బొమ్మల్ని జత చేస్తే తిరిగొస్తుంది. దీన్నే వివరణాత్మక జ్యామితి అంటారు.

1769లో, 22 ఏళ్లకే, మోంజ్ ఆ స్కూల్లోనే గణితం ప్రొఫెసర్ అయ్యాడు. విద్యార్థిగా తీసుకోని చోటే, పెద్దింటి పిల్లలకి పాఠం చెప్పాడు. తర్వాత ఫ్రెంచ్ విప్లవ సైన్యాల్ని నడిపిన లజార్ కార్నో అతని శిష్యుడే. కానీ ఈ పద్ధతిని బయట చెప్పకూడదని ఆంక్ష. దాదాపు పాతికేళ్లు అది గోడల మధ్యే ఉండిపోయింది.

1789లో విప్లవం వచ్చింది. 1794లో పారిస్‌లో పాలిటెక్నిక్ స్కూలు పెట్టినవాళ్లలో మోంజ్ ఒకడు. పుట్టుక చూడకుండా, పరీక్ష పెట్టి చేర్చుకున్నారు. 1795లో పారిస్‌లోనే ఇంకో స్కూల్లో ఆ రహస్యాన్ని బహిరంగంగా పాఠం చెప్పాడు. 1799లో పుస్తకమైంది. అతని పాలిటెక్నిక్‌లో చదివిన క్లోడ్ క్రోజే అనే మిలటరీ ఇంజనీరు దాన్ని అమెరికాలోని వెస్ట్ పాయింట్‌కి తీసుకెళ్లాడు.

చివరి రోజులు మాత్రం బాగా సాగలేదు. నెపోలియన్‌కి ఆప్తుడు కాబట్టి, నెపోలియన్ పడిపోయాక 1816లో జాతీయ విద్వత్సభ నుంచి మోంజ్ పేరు తీసేశారు. 1818లో చనిపోతే, అంత్యక్రియలకి వెళ్లడానికి పాలిటెక్నిక్ విద్యార్థులకి అనుమతి ఇవ్వలేదు. వాళ్లు తర్వాత సమాధి దగ్గరికెళ్లి నివాళి అర్పించారు. 1989లో ఫ్రాన్స్ అతని అవశేషాల్ని పాంథియాన్‌కి చేర్చింది.

నాకు ఈ కథలో అన్నిటికన్నా పెద్దగా అనిపించేది ఒక్కటే. దాచినన్నాళ్లూ ఆ విద్య కోటగోడలకే పనికొచ్చింది. పదిమందికీ చెప్పాక యంత్రాలకీ, వంతెనలకీ, భవనాలకీ పనికొచ్చింది. ఇప్పుడు మన ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో కూర్చున్న ఏ ఇంటి పిల్లయినా అది నేర్చుకోవచ్చు. అప్పట్లో వ్యాపారి కొడుక్కి కూడా ఆ వీలు లేదు.

ఈసారి ఎక్స్-వై లైను గీసేటప్పుడు ఆ గుట్టనీ, గోడనీ ఒకసారి ఊహించుకోండి. సబ్జెక్ట్ కాస్త దగ్గరవుతుంది. మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను మరి.