మైదా లేని బాదం కేకు



కేకు అనగానే మనకు మైదా, బేకింగు పౌడరు, ఓవెను గుర్తుకొస్తాయి. ఈ మూడూ లేకుండా కేకు అవుతుందా అంటే అవుతుంది. స్పెయిన్ దేశంలో కొన్ని వందల ఏళ్ళుగా మైదా లేకుండానే బాదం కేకు చేస్తున్నారు. మా పగిడ్యాలలో ఓవెను కూడా లేకుండా నేను చేస్తున్నాను. అయితే సరదాకు మొదలుపెట్టిన పని కాదిది.

మా మనవరాలికి ఐదో ఏట గోధుమ పడదని తేలింది. సీలియాక్ అంటారు ఆ జబ్బును. గోధుమ, బార్లీలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. ఈ జబ్బున్నవారికి అది చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటికి పట్టదు, పిల్ల ఎదగదు. జన్మంతా గోధుమ మానడమే వైద్యం. "పండగపూట ఒక్క ముక్క తింటే ఏమవుతుందిలే" అనడానికి వీల్లేదు, ఆ ఒక్క ముక్కా చెరుపు చేస్తుంది. అన్నం, జొన్నరొట్టె, రాగిసంగటి తినే ఇల్లు కాబట్టి రోజూ తిండికి లోటు రాలేదు. చిక్కంతా కేకు దగ్గరే వచ్చింది. బళ్ళో ఎవరి పుట్టినరోజు జరిగినా పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేది. ఇంటికి ఎవరేం తెచ్చినా ముందు నా మొహం చూసి, "అవ్వా, ఇది నేను తినొచ్చా?" అని అడగడం అలవాటు చేసుకుంది. ఆ మాట వినలేకనే ఈ కేకు వెంట పడ్డాను.

స్పెయిన్‌కు వాయవ్య మూలన గలీసియా అనే ప్రాంతం ఉంది. అక్కడి సాంటియాగో పట్నంలో యేసు శిష్యుడైన యాకోబు సమాధి ఉందని క్రైస్తవుల నమ్మకం. ఉగాదికి కన్నడ భక్తులు కర్నూలు, ఆత్మకూరు మీదుగా అడవి దారిన శ్రీశైలానికి నడిచిపోవడం మనం చూస్తుంటాం కదా, అట్లాగే యూరప్ నలుమూలల నుంచి జనం ఈ ఊరికి కాలినడకన పోతారు. వాళ్ళు చేరిన చోట దొరికే ప్రసాదంలాంటి తీపే ఈ బాదం కేకు. 1577 నాటి అక్కడి విశ్వవిద్యాలయపు రాతల్లోనే ఇటువంటి కేకు ప్రస్తావన ఉంది. పైన పంచదార పొడితో యాకోబు శిలువ గుర్తు వేయడం మాత్రం 1924లో ఆ ఊరి మిఠాయి అంగడివారు ఒకరు మొదలుపెట్టారు. మన తిరుపతి లడ్డుకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చినట్టే, దీనికి 2010లో యూరోపియన్ యూనియన్ ఇచ్చింది. ఆ పేరుతో అమ్మాలంటే మొత్తం బరువులో మూడోవంతు బాదమే ఉండాలి. మిగతావి పంచదార, కోడిగుడ్లు. పిండి అనేది లేదు.

ఆరంగుళాల గిన్నెకు నూట ఇరవై ఐదు గ్రాముల బాదం, నూట పది గ్రాముల పంచదార, మూడు గుడ్లు సరిపోతాయి. వాళ్ళు బాదం ఎంతో పంచదార అంత వేస్తారు. మన నోటికి అది కాస్త ఎక్కువనిపించి నేను తగ్గించాను. అర నిమ్మకాయ పైతొక్కు తురుము, చిటికెడు దాల్చినచెక్క పొడి కావాలి. తురిమేటప్పుడు పచ్చని పొర వరకే తురమండి, కింది తెల్లది చేదు.

బాదం వేడినీళ్ళలో పది నిమిషాలుంచి పొట్టు తీసి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉంటే మిక్సీలో ముద్దయిపోతుంది. ఆరినదాన్ని కూడా ఏకబిగిన తిప్పితే నూనె వదులుతుంది. అందుకని రెండు చెంచాల పంచదార కలిపి, ఆపి ఆపి తిప్పండి. సన్నరవ్వలా ఉంటే చాలు. ఏ గింజయినా చేదుగా తగిలితే పారేయండి, చేదు బాదంలో విషగుణం ఉంటుంది.

ఇందులో సోడా గానీ, పౌడరు గానీ లేవు. మరి పొంగేదెట్లా? గుడ్లూ పంచదారా కలిపి గిలకొడితే గాలి చిన్న చిన్న బుడగలుగా అందులో చిక్కుకుంటుంది. వేడికి ఆ గాలి వ్యాకోచిస్తుంది, ఈలోగా గుడ్డు గట్టిపడి దాన్ని పట్టి నిలుపుతుంది. మిషను లేకపోతే మజ్జిగ చిలికే కవ్వంతో పదీ పదిహేను నిమిషాలు చిలకండి. రంగు తేలి, చిక్కబడి, కవ్వం ఎత్తితే తాడులా జారాలి. అప్పుడు బాదం పొడి, తురుము, దాల్చినచెక్క పొడి వేసి గరిటెతో కిందినుంచి పైకి మెల్లగా కలపండి. గట్టిగా కలిపితే పడిన శ్రమంతా వృథా. గుడ్డు ముట్టని ఇళ్ళవారికి ఒక మాట. గుడ్డు తీసేస్తే ఈ కేకుకు ఆధారమే ఉండదు. ఆ బాదంతో బర్ఫీ చేసుకుంటే మేలు.

ఇక ఓవెను సంగతి. మా వైపు బొరుగుల బట్టీ చూసినవారికి ఇసుక గుణం తెలుసు. వేడిని పట్టుకుని నిదానంగా, సమంగా ఇస్తుంది. మందమైన పాత అల్యూమినియం తపేలాలో కడిగి ఆరబెట్టిన ఇసుక అంగుళం మందాన పోసి, పైన చిన్న స్టాండు పెట్టి, బరువైన మూత వేసి పది నిమిషాలు కాచాలి. ప్రెషర్ కుక్కరులో చేసేవారున్నారు గానీ, నీళ్ళు లేని వేడికి కుక్కరు పాడవుతుంది. నేను మొదటిసారి స్టాండు లేకుండా గిన్నెను ఇసుక మీదే పెట్టి, పెద్ద మంట మీద ఉంచాను. అడుగు బొగ్గు, మధ్యలో పచ్చి. బాదం ధర తలుచుకుని ఆ పూట అన్నం సయించలేదు. సన్నని మంట మీద నలభై, నలభై ఐదు నిమిషాలు పడుతుంది. మొదటి అరగంట మూత తీయొద్దు. ఆ తర్వాత శుభ్రమైన పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. ఓవెనులోలా పైన ఎర్రబడదు, పెద్దగా పొంగదు. అసలు కేకూ బరువుగానే ఉంటుంది, దిగులుపడకండి.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది గోధుమ విషయంలో. మొదటిసారి గిన్నెకు నెయ్యి రాసి, అలవాటుకొద్దీ మైదా చల్లడానికి డబ్బా మూత తీశాను. కోడలు పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది, "అత్తమ్మా, అది మైదా!" అని. మైదా లేని కేకుకు మైదా పూత! ఇప్పుడు నెయ్యి రాసిన కాగితం పరుస్తాను. చపాతీ పిండి జల్లించిన జల్లెడ, ఆ కర్ర గరిటె ఈ పనికి వాడకూడదు. పిండిమరలో గోధుమలాడిన వెంటనే ఆడిన బియ్యప్పిండీ వద్దు. ఇంగువ పొడిలో మైదా కలుస్తుందని కూడా నాకు ఈ జబ్బు పుణ్యమానే తెలిసింది. ఇంకో సంగతి, కొందరు పిల్లలకు బాదమే పడదు. పదిమందికి పంచేముందు వాళ్ళ తల్లులను అడగండి.

పూర్తిగా చల్లారాక కాగితంలో బొమ్మ కత్తిరించి కేకు మీద పెట్టి, ఇంట్లో ఆడించిన పంచదార పొడిని టీ జల్లెడతో చల్లి, కాగితం నిదానంగా ఎత్తాలి. అక్కడివారు శిలువ వేస్తారు. మా పిల్ల నాలుగు చుక్కల ముగ్గు కావాలంది. ముగ్గు కుదిరింది గానీ, ఉండబట్టలేక వేలుతో ఒక మూల నాకేసింది. ఆరోజు మాత్రం తినొచ్చా అని అడగలేదు.

మూత బిగుతుగా ఉన్న డబ్బాలో మూడు రోజులు నిలవుంటుంది. రెండో రోజు రుచి ఇంకా బాగుంటుంది.